చమురు కంపెనీలకు దీపం నూనె బల్ల నుంచి సలహాలు

అయ్యా ఎగ్జాన్ వారూ, షెల్ వారూ, టోటాల్ వారూ, మా ఓఎన్‌జీసీ విదేశ్ బాబులూ! మీకు సలహా చెప్పడానికి వీడెవడని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. శ్రీముఖలింగంలో మధుకేశ్వరస్వామి గుడి ఎదట నాకొక బల్ల ఉంది. బల్ల మీద ప్రమిదలు, ఒత్తులు, నువ్వుల నూనె సీసాలు. మా తాతకీ నాన్నకీ ఎద్దుగానుగ ఉండేది. ఎద్దు పోయాక గానుగ ఆగింది, గానుగ ఆగాక నేను సీసాల్లోకి దిగాను. మీరు నేలలోంచి తోడతారు, మేం గింజలోంచి పిండుతాం. రంగం ఒకటే. పైగా ఇంతవరకూ నా మీద ఏ కోర్టులోనూ కేసు లేదు. మీలో ఎందరు ఆ మాట అనగలరు?

మా స్వామి పేరులోనే నూనె ఉంది. మధూకం అంటే ఇప్పచెట్టు. స్వామి ఆ చెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం. ఇప్పగింజ పిండితే నూనె వస్తుంది, కొండల్లో సవరలకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇది నూనె దేవుడి సన్నిధిలో ఒక నూనె వ్యాపారి ఇంకో నూనె వ్యాపారికి చెప్పే మాట అనుకోండి. ఫీజు అక్కర్లేదు.

గుడికొచ్చే వాళ్ళు పువ్వులు చుట్టుకొచ్చిన పాత పేపర్లు నా బల్ల కిందికి చేరతాయి. వాటిలో మీ వార్త తరచూ కనిపిస్తుంది. ఒకసారి ఇరాక్, ఒకసారి లిబియా, సూడాన్, యెమెన్, మొజాంబిక్. దేశం పేరు మారుతుంది గాని వార్త అదే: నేల కింద బోలెడంత చమురు, నేల మీద యుద్ధం, కంపెనీలు వెనకాడుతున్నాయి. మీ బాధ నాకు అర్థమైంది. మొదటి చుక్క రాకముందే వేల కోట్లు పొయ్యాలి. అవి తిరిగి రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఈలోగా ప్రభుత్వం పడిపోవచ్చు, కొత్తగా వచ్చినవాడు పాత కాగితం చెల్లదనొచ్చు, ఎవడో గొట్టం పేల్చెయ్యొచ్చు, బ్యాంకువాడు మొహం చాటెయ్యొచ్చు, బీమావాడు ఫోనెత్తకపోవచ్చు. బావిని నెత్తిన పెట్టుకుని పారిపోలేరు కదా. ఈ భయానికి మందు ఉంది, కింద రాస్తున్నాను. వరస తప్పితే ఏమనుకోవద్దు. మధ్యలో బేరాలొస్తాయి.

మొదటి సలహా: ఒప్పందం ఆచంద్రార్కం రాయించుకోండి

మీ లాయర్లు ఒప్పందాన్ని వందల పేజీలు రాస్తారట. మా గుడి గోడల మీద, స్తంభాల మీద పెట్టుబడి ఒప్పందాలున్నాయి, ఒక్కొక్కటి నాలుగైదు వరసలు. ఫలానా శకవర్షంలో ఫలానా వాడు స్వామికి అఖండదీపం పెట్టాడు. దానికి ఇన్ని మాడలు ఇచ్చాడు. అది చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం వెలగాలి. అంతే. గడువు తేదీ లేదు, మధ్యవర్తిత్వం లండన్‌లోనా పారిస్‌లోనా అన్న గొడవ లేదు. అసలు ఒకసారి పెట్టడం, దాని ఫలం మీద రోజూ నూనె రావడం. ఇది చమురు పెట్టుబడి కాక మరేమిటండీ?

అప్పుడు దేశం ప్రశాంతంగా ఉండేదేమో అంటారు. అదేం కాదు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. అనంతవర్మ చోడగంగుడు 1078లో పట్టం కట్టుకున్నాడు. ఆయన తల్లి చోళుల ఆడపడుచు. అయినా తల్లి పుట్టింటి వైపు నుంచే దండు వచ్చింది: కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ 1110 ప్రాంతంలో కళింగం మీద పడ్డాడు. ఆ యుద్ధం మీద జయంకొండార్ తమిళంలో కలింగత్తుప్పరణి అని ఒక కావ్యమే రాశాడు. అంటే ఒకప్పుడు యుద్ధంతో నలిగిన దేశం మాదే, ఓడినట్టు కావ్యానికెక్కిన పక్షమూ మాదే. తరవాత గాంగులు హెడ్డాఫీసు కటకానికి మార్చేశారు. ఊరు మాత్రం వంశధార ఒడ్డున ఉన్నచోటే ఉండిపోయింది. ఆ రోజుల్లోనే జనం వచ్చి దీపాలకు మాడలు ఇచ్చి పోయారు. దండు వస్తుందని ఎవరూ మీలాగా ఫోర్స్ మెజూర్ (అదేమిటో కింద చెప్తాను) ప్రకటించినట్టు ఏ స్తంభం మీదా నాకు కనిపించలేదు. నాకు ఆ లిపి చదవడం రాదనుకోండి, అది వేరే సంగతి. చదివినవాడు గిడుగు రామమూర్తి పంతులు. 1863లో ఇక్కడికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఈ శాసనాల్ని తనంతట తాను చదవడం నేర్చుకుని, కళింగనగరమంటే ముఖలింగమేనని వాదించాడు. మీరు ఒక దేశంలోకి దిగేముందు ఇలాంటి పంతులు ఒకడు దొరుకుతాడేమో చూసుకోండి. కన్సల్టెంటు కంటే చవక.

తమిళ దేశపు శాసనాల్లో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ దీపానికి గొర్రెల్ని ఇచ్చేవారు. ఒక్క దీపానికి చాలా చోట్ల 90, కొన్ని చోట్ల 96. కాపరి వాటిని తీసుకుని గుడికి రోజూ నెయ్యి కొలవాలి. ఆ గొర్రెలకు ఒక పేరుంది: చావనివి, ముసలివి కానివి. గొర్రె చావకుండా ఎలా ఉంటుందంటారా? ఒకటి చస్తే దాని పిల్ల ఆ స్థానంలోకి వస్తుంది. లెక్కలో ఎప్పుడూ 90. కాగితం మీద చావు లేదు. ఈ గొర్రె సంగతి మనసులో పెట్టుకోండి, మీకు చాలా పనికొస్తుంది. మళ్ళీ వస్తాను.

బేరం గురించి

నరసన్నపేటలో చీర కొనే ఆడవాళ్ళని మీరు చూసి ఉండరు. ధర వినగానే లేచిపోతారు, మెట్లు దిగుతారు, రోడ్డు దాకా వెళ్తారు. కొట్టువాడు పిలుస్తాడా లేదా అన్నదే ఆట. మీరు 2009 జూన్ 30న బాగ్దాద్‌లో ఇదే ఆట ఆడారు గాని సరిగ్గా ఆడలేదు. ఆ రోజు ఇరాక్ ప్రభుత్వం ఎనిమిది క్షేత్రాల్ని వేలానికి పెట్టి టీవీలో చూపించింది. రుమైలాకి ఎగ్జాన్ జట్టు పీపాకి 4.80 డాలర్లు కావాలంది. బీపీ, చైనా జట్టు 3.99 అంది. ప్రభుత్వం అంతా విని, రెండు డాలర్లే ఇస్తాం, ఉంటే ఉండండి అంది. ఎగ్జాన్ లేచింది. బీపీ ఒప్పుకుంది. మిగిలిన క్షేత్రాల దగ్గర అందరూ తలలూపుకుంటూ లేచిపోయారు. ఎనిమిదిట్లో బేరం కుదిరింది ఒక్కటే.

యుద్ధానికి కంపెనీలు భయపడ్డాయని అనుకోవచ్చు. కొన్ని నెలలు పోయాక చూస్తే అదే ఎగ్జాన్ పశ్చిమ ఖుర్నా-1కి పీపా 1.90కి ఒప్పుకుంది. డిసెంబరు వేలంలో పశ్చిమ ఖుర్నా-2ని రష్యా లుకాయిల్ జట్టు 1.15కి పట్టుకుపోయింది. ఈ ఆరు నెలల్లో ఇరాక్‌లో బాంబులు పేలడం ఆగిందా? ఆగలేదు. మరి భయం ఏమైంది? నాలుగు డాలర్లప్పుడు ఉన్న భయం డాలరూ చిల్లరకి పోయిందంటే అది మా నరసన్నపేట ఆడవాళ్ళకు కూడా చేతకాని విద్య.

అసలు అక్కడ మీకు నచ్చనిది వేరే ఉందని మా ఊరి రైతు ఇట్టే చెప్తాడు. పొలం వాటాకి చెయ్యడం వేరు, కూలికి చెయ్యడం వేరు. వాటాకైతే పంటలో సగం మీది. కూలికైతే రోజుకింత, గింజ ఆసామిది. ఇరాక్ వాళ్ళు మిమ్మల్ని కూలికి రమ్మన్నారు: పీపాకింత కూలి, చమురు మాత్రం మాది అన్నారు. పాపం, కూలికెళ్ళడం అలవాటు లేనివాళ్ళు. మా జిల్లాకొచ్చి నాలుగు రోజులుంటే నేర్పించేవాళ్ళం.

నా సలహా: బేరంలో లేచిపోవడం మంచిదే, కాని చెప్పులు అక్కడే వదిలేసి లేవండి. వెనక్కి రావడానికి సాకు ఉంటుంది.

బంతి లేస్తే బంతి

పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో కూచున్నవాడికి అన్నీ వేడిగా దొరుకుతాయి, కాని దోమలూ ఈగలూ వాడికే. యుద్ధ దేశంలో ఎన్నో బంతిలో కూచోవాలన్నది శాస్త్రం. దీనికి సూడాన్ పాఠం చదవండి. 1970ల్లో షెవ్రాన్ అక్కడ చమురు కనిపెట్టింది. దాదాపు వంద కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. 1984 ఫిబ్రవరిలో తిరుగుబాటుదారులు శిబిరం మీద పడి ముగ్గురు పనివాళ్ళని చంపారు. షెవ్రాన్ పని ఆపేసింది, 1992 నాటికి అంతా అమ్ముకుని పోయింది. మొదటి బంతి ఆకులు ఎత్తేశారు.

రెండో బంతిలో చైనా, మలేషియా కంపెనీలు కూచున్నాయి. 1998లో కెనడా నుంచి టాలిస్మన్ వచ్చింది. 1999లో పోర్ట్ సూడాన్ దాకా గొట్టం పడి చమురు ఓడెక్కింది. ఆ చమురు డబ్బుతో ప్రభుత్వం యుద్ధం చేస్తోందని, బావుల చుట్టూ ఊళ్ళు ఖాళీ చేయిస్తోందని చర్చిల వాళ్ళూ హక్కుల సంఘాల వాళ్ళూ కెనడాలో పట్టుకున్నారు. న్యూయార్కులో కేసు వేశారు. కేసు నిలబడలేదు గాని కంపెనీకి తలనొప్పి నిలబడింది. 2003లో టాలిస్మన్ తన 25 శాతం వాటా అమ్మేసింది. కొన్నదెవరు? మన ఓఎన్‌జీసీ విదేశ్. వాళ్ళు సిగ్గుపడి లేచిన పీటలో మనం తువ్వాలు వేసుకుని కూచున్నాం. విదేశాల్లో మన తొలినాళ్ళ పెద్ద పెట్టుబడుల్లో అదొకటి.

ఎనిమిదేళ్ళకు దేశమే రెండు ముక్కలైంది. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ విడిపోయింది. నాలుగింట మూడొంతుల చమురు దక్షిణానికి వెళ్ళింది, సముద్రానికి పోయే గొట్టం ఉత్తరంలో ఉండిపోయింది. మా ఊళ్ళో అన్నదమ్ములు విడిపోయినప్పుడు బావి ఒకడికి, బావి దారి ఇంకొకడికి రాసిన పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళని అక్కడికి కూడా తీసుకెళ్ళారేమో అని నా అనుమానం. దారి కిరాయి కుదరక 2012 జనవరిలో దక్షిణం తన బావులు తానే మూసుకుంది, ఏడాదికి పైగా. తరవాత దక్షిణంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం. 2023 ఏప్రిల్ నుంచి ఉత్తరంలో యుద్ధం. 2024లో గొట్టం పగిలి మళ్ళీ నెలల తరబడి ఆగింది.

కాబట్టి నా సలహా: ఎప్పుడూ రెండో బంతిలో కూచోండి, మూడో బంతివాడు గుమ్మంలోకి రాగానే లేచిపోండి. అప్పుడు మీది భయం కాదు, సంస్కారం.

చిన్న చిన్నవి కొన్ని

యుద్ధం అనకండి, భద్రతా పరిస్థితి అనండి. రోడ్డు వెయ్యకండి, హెలికాప్టరు కొనండి. రోడ్డయితే ఊరివాళ్ళూ నడుస్తారు. బడి కట్టిస్తామని ఫొటో దిగండి. దేశాధ్యక్షుడితో ఫొటో దిగేటప్పుడు మాత్రం అంచున నిలబడండి, రేపు కత్తిరించుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఫోర్స్ మెజూర్ అనే మంత్రం

ఈ మాట నాకు నేర్పింది ఇరాక్‌లో వెల్డింగు పని చేసే మా మేనల్లుడు. ఎవరి చేతిలోనూ లేని ఆపద వచ్చింది కాబట్టి ఒప్పందం ప్రకారం మేం చెయ్యాల్సింది చెయ్యలేం, మమ్మల్ని అడక్కండి అని దాని అర్థమట. మా భాషలో దైవాధీనం. కాని దైవాధీనం అంటే చేతులు జోడించి ఊరుకోవడమే, మీ మంత్రంలో మాత్రం గడియారం ఆగుతుంది.

మొజాంబిక్ చూడండి. ఉత్తరాన కాబో దెల్గాదోలో సముద్రం అడుగున గ్యాసు. టోటాల్ వాళ్ళది 2,000 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కీ, ఆయిల్ ఇండియాకీ, భారత్ పెట్రోలియానికీ కలిపి 30 శాతం. అంటే మీరూ నేనూ స్కూటర్లో పోయించుకున్న పెట్రోలు డబ్బు కొంత అక్కడికీ చేరిందన్నమాట. 2021 మార్చి 24న సాయుధులు పక్కనున్న పాల్మా పట్నం మీద పడ్డారు. ప్రాజెక్టు శిబిరం అఫుంగిలో కంచె లోపల ఉంది, సైన్యం దాన్ని కాసింది. కాంట్రాక్టర్ల కోసం పనిచేసే వాళ్ళు చాలామంది బయట పట్నంలో ఉన్నారు. దాదాపు రెండు వందల మంది అమరూలా అనే హోటల్లో ఇరుక్కున్నారు. వాళ్ళలో కొందరు కార్లు కట్టుకుని తప్పించుకోబోతే దారిలో కాపేసి కాల్చారు. కంపెనీ తన వాళ్ళని తరలించుకుని ఏప్రిల్ 26న మంత్రం చదివింది. నాలుగున్నరేళ్ళు గడియారం ఆగింది. 2025లో మంత్రం ఉపసంహరించుకుంటూ, ఆగినందుకు అదనంగా 450 కోట్ల డాలర్ల ఖర్చు లెక్కలో కలపాలని, ఒప్పందం గడువు పదేళ్ళు పొడిగించాలని ప్రభుత్వాన్ని అడిగింది. చూశారా, ఆపదలో పోయిన కాలం కూడా వెనక్కి వస్తుంది. యెమెన్‌లో గ్యాసు ప్లాంటు 2015 ఏప్రిల్‌లో ఇదే మంత్రంతో మూతపడింది.

ఈ మంత్రం గట్టిది, వాడుకోండి. ఒక్కటే జాగ్రత్త: కిందివాళ్ళకి నేర్పకండి. మేనల్లుడు దాన్ని మా ఊరి వడ్డీ వ్యాపారి మీద ఒకసారి ప్రయోగించి చూశాడు. క్యాంపులో పని ఆగింది, రెండు నెలలు జీతం రాలేదు, ఫోర్స్ మెజూర్ అన్నాడు. ఆ పెద్దమనిషి శాంతంగా విని, “బావూ, నూటికి మూడు” అన్నాడు.

మనుషులు దొరకరనే భయం

ఇది మీకు ఉండనే ఉండకూడదు. మా జిల్లాలో సోంపేట వెళ్ళండి, కవిటి వెళ్ళండి, పలాస, ఇచ్చాపురం, టెక్కలి వెళ్ళండి. ఉద్దానం కుర్రాళ్ళు కొబ్బరి మీదా జీడి మీదా బతకలేక, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ కాస్తా నేలకూల్చాక ఇంకా బతకలేక, వెల్డింగు నేర్చుకున్నారు. టిగ్ వెల్డరు, పైపు ఫిట్టరు, రిగ్గరు, స్కాఫోల్డరు, గ్రైండరు, ఏది కావాలంటే అది. ట్రేడు టెస్టు పెట్టండి, క్యూ చూడండి. ఏ దేశానికో ఎవరూ అడగరు. ఎన్ని గంటల డ్యూటీ, ఓటీ ఉందా, మెస్సు కంపెనీదేనా, ఇవీ ప్రశ్నలు. మీ బోర్డు మీటింగులో ఇన్నేళ్ళు తెగని విషయం మా వాళ్ళు మెడికల్ రిపోర్టు వచ్చేలోగా తేల్చేస్తారు.

లిబియాలో 2011లో తిరుగుబాటు వచ్చినప్పుడు అక్కడ 18 వేల మంది దాకా మన దేశం వాళ్ళున్నారు. ఓడలూ విమానాలూ పంపి చాలామందిని తెచ్చారు. గొడవ కాస్త సద్దుమణగగానే మళ్ళీ వెళ్ళిన వాళ్ళున్నారు. 2015 జూలైలో సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువాళ్ళని సాయుధులు ఎత్తుకుపోయారు. వాళ్ళలో ఒకాయనది మా జిల్లా, టెక్కలి. 2016 సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. ఏడాది పైన. అదే లిబియా 2025 మార్చిలో కొత్త క్షేత్రాలకు టెండర్లు పిలిచింది, 2007 తరవాత మళ్ళీ అదే మొదలు. అంటే మీరు ఆలోచించుకోవడానికి తీసుకున్న కాలంలో మా వాళ్ళు ఆ దేశానికి వెళ్ళారు, వచ్చారు, బందీలయ్యారు, విడుదలయ్యారు, పిల్లలకి పెళ్ళిళ్ళు చేశారు.

మేనల్లుడి సంగతి చెప్తాను. నా చెల్లెలి కొడుకు. చదువు తొమ్మిదితో ఆపేశాడు. బస్రా దగ్గర ఒక క్యాంపులో వెల్డరు, కంపెనీకి కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరుకి సబ్ కాంట్రాక్టరు, వాడి కింద వీడు. పది పాస్ కాని వాళ్ళు మన దేశం నుంచి వెళ్ళాలంటే ముందు అనుమతి తీసుకోవాల్సిన దేశాలు 18 ఉన్నాయి. ఇరాక్, లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్, సిరియా, యెమెన్, అఫ్ఘానిస్థాన్ అన్నీ ఆ జాబితాలోవే. మీరు భయపడే దేశాల జాబితా విడిగా తయారు చేసుకోకండి, ఇది తీసుకోండి చాలు. ఏజెంటు తీసుకోవాల్సింది చట్టం ప్రకారం 30 వేలూ, దాని మీద పన్నూ. మా దగ్గర తీసుకున్నదెంతో చెప్పను, ఏజెంటు పేరూ చెప్పను. వాడి తమ్ముడు కూడా వెళ్ళాల్సి ఉంది.

ఇక బీమా. మీరు రాజకీయ నష్టభయానికి బీమా, యుద్ధ నష్టభయానికి బీమా, ప్రపంచ బ్యాంకు సంస్థ గ్యారంటీ, ఇన్ని చూసుకుని కూడా ఇంకా చాలదంటారు. మేనల్లుడికీ బీమా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకైతే 375. ప్రమాదంలో పోయినా, ఇక పని చెయ్యలేని స్థితికి వచ్చినా పది లక్షలు. మా చెల్లెలు ఆ కాగితాన్ని బీరువాలో పసుపు గుడ్డలో చుట్టి పెట్టింది. రెండేళ్ళకి 275 అంటే రోజుకి నలభై పైసలు కూడా కాదు. నా బల్ల మీద ఒత్తి కూడా రాదు. మీ బీమావాడు ఫోనెత్తకపోతే ఈ పథకం ఉందని చెప్పండి.

ఆ మధ్య ఇరాక్ వైపు రాకెట్లు పడుతున్నాయని టీవీలో వచ్చిన రోజు చెల్లెలు బల్ల దగ్గరికొచ్చింది.

“అన్నియ్యా, ఆ యుద్ధం మనోడున్న కాడికి ఎంత దూరమేటి?”

“చాల్దూరం” అన్నాను.

“నువ్వు సూసినావేటి?”

ఆ రాత్రి వాడికి ఫోను చేస్తే నవ్వాడు. “మావయ్యా, మా కేంపు సుట్టూ గోడ. కేంపు నుంచి సైటుకి బస్సు, బస్సుకి కర్టెన్లు. రెండేళ్ళయ్యింది వొచ్చి, ఇరాకు నాను సూడనేలేదు.” చూడని దేశానికి భయపడేదేముంది? మీరు కూడా మీ డైరెక్టర్ల కార్లకి కర్టెన్లు వేయించండి.

అన్నట్టు గొర్రెల దగ్గరికి వస్తానన్నాను కదా, ఒక్క నిమిషం. మధ్యలో ఒక మాట.

పెట్టుబడి ముందా, తుపాకీ ముందా

తుపాకీ ఉంది కాబట్టి అక్కడికి పెట్టుబడి రాదని మీరంటారు. మా జిల్లాలో లెక్క తిరగేసి ఉంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలల్లో చేపలు పట్టుకునేవాళ్ళు, వరి పండించుకునేవాళ్ళు ఎవరి మానాన వాళ్ళున్నారు. అక్కడ బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు పెడతామని పెట్టుబడి వచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ఏడాది తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర ఇంకో ప్లాంటు కోసం మళ్ళీ కాల్పులు. రెండుచోట్లా మనుషులు పోయారు. అంతకు ముందు ఆ చిత్తడి నేలల్లో కొంగలు తప్ప కాల్చడానికి ఏమీ ఉండేవి కావు. కాబట్టి ప్రశాంతంగా ఉన్న దేశం కోసం వెతకడం శుద్ధ దండగ. మీరు వెళ్ళేదాకే అది ప్రశాంతం.

ఇది సలహా కిందికి వస్తుందో రాదో నాకు తెలీదు. పీట ఖాళీగా ఉంది కదా అని కూచోబెట్టాను.

ఆఖరిది, గొర్రెల సలహా

చావని గొర్రెల్ని తెచ్చుకోండి అని చెప్దామనే ఇదంతా మొదలుపెట్టాను. లెక్క చెదరకూడదు, దీపం ఆగకూడదు, కాపరి ఎవరైతేనేం. ఒకటి పోతే ఇంకొకటి ఆ స్థానంలోకి వచ్చే ఏర్పాటు ఉంటే ఏ యుద్ధ దేశంలోనైనా ధైర్యంగా దిగొచ్చు. దీని మీద రెండు పేజీలు రాద్దామనుకుంటుండగా నిన్న రాత్రి మేనల్లుడే ఫోను చేశాడు.

“మావయ్యా, మా సైటుకి పెద్ద కంపెనీ మారిపోనాదట. పాతోలు అమ్మేసుకుని ఎల్లిపోనారు.”

అవును, ఆ దేశంలో అది మామూలే. షెల్ 2018లో మజ్నూన్ వదిలేసింది. పీపా 1.90కి తిరిగొచ్చిన ఎగ్జాన్ 2024 జనవరిలో పశ్చిమ ఖుర్నా-1 నుంచి లేచిపోతే ఆ పీటలో పెట్రోచైనా కూచుంది. నేను ఇవన్నీ వాడికి చెప్పబోయాను. వాడికి అక్కర్లేదు.

“మరి నీ పనో?” అన్నాను.

“నా పనికేటి? బేడ్జీ రంగు మారినాది. నీలంది తీసీసి పచ్చదిచ్చినారు.”

“మనోళ్ళెంతమందిరా కేంపులో?”

“ముందూ తొంబయ్యే, ఇప్పుడూ తొంబయ్యే. ముగ్గురెల్లిపోనారు, ముగ్గురొచ్చినారు.”

ఆ వెళ్ళిన ముగ్గురూ ఎలా వెళ్ళారని నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

పొద్దున్నే చెల్లెలు బల్ల దగ్గరికొచ్చి, స్వామికి దీపం పెడతాను, నూనె ఇయ్యి అంది. ఎంతసేపు వెలగాలి, దాన్నిబట్టి కొలుస్తాను అన్నాను.

“ఆడొచ్చీదాకా” అంది.

నా బల్ల మీద ఉన్నవాటిలో పెద్ద సీసా అర లీటరుది.